అక్క మాటకు ఎంత కరెంటు

ఆదివారం. ప్రాసెసర్ నూరు శాతం.

వాటాకు మించి కరెంటు వాడే ఇళ్ళవాళ్ళు ఏం వాడారో, ఎందుకు వాడారో రాసి ఉంచాలని తెప్పలపేట కరెంటు కమిటీ కొత్తగా రూలు పెట్టింది. పొగ నెలలు మొదలయ్యాయి కాబట్టి తప్పదన్నారు. అందుకని రాస్తున్నాను.

నా పేరు త్రిమూర్తులు. ఇంట్లో నేనూ, మా అక్క గంగాభవానీ ఉంటాం. మా వాడకం ఒక లైటు, ఒక టేబుల్ ఫ్యాను, ఒక కంప్యూటరు. ఫ్యానూ కంప్యూటరూ రెండూ అక్క కోసమే.

పోయిన వర్షాకాలానికి ముందు అక్కకు తలలో నరం చిట్లింది. అప్పటి నుంచి ఒంట్లో ఏదీ ఆమె చెప్పినట్టు వినదు. చెయ్యి లేవదు, నాలుక తిరగదు. కనురెప్పలు తమంతట తాము కొట్టుకుంటాయి గానీ ఆమె కొట్టమంటే కొట్టవు. చెవులు మాత్రం శుభ్రంగా పనిచేస్తాయి. బుర్ర అంతకంటే శుభ్రంగా పనిచేస్తుంది. తలకు కట్టిన పట్టీ ఆమె అనాలనుకున్నదాన్ని పట్టుకుంటుంది. మంచం పక్కనున్న కంప్యూటరు దాన్ని మాటలుగా మార్చి స్పీకరులో వినిపిస్తుంది. మేమిద్దరం దాన్ని పెట్టె అంటాం. గొంతు కూడా అక్కదే. ఒకప్పుడు ఆమె పంటు మీద నిలబడి మైకులో అరిచిన అరుపుల్లోంచి తీసిన గొంతు అది.

మా పేటలో ఇళ్ళన్నీ నీళ్ళ మీద తేలే తెప్పల మీదే. ఇక్కణ్ణుంచి మెట్ట గట్టుకు వెళ్ళాలంటే పంటే దిక్కు. మనుషులూ మేకలూ బియ్యం బస్తాలూ అన్నీ కలిసి ఆ పడవ మీదే నీళ్ళు దాటాలి. కింద మునిగిపోయిన ఊళ్ళ తాటిచెట్ల తలలు ఎక్కడెక్కడ ఉన్నాయో అక్కకు తెలుసు. ఒక్కదానికీ తగలకుండా నడిపేది. తోసుకునేవాళ్ళను ఆమె తిట్టే తిట్లు ఇటు పేటలోనూ అటు గట్టు మీదా వినబడేవి.

కమిటీ ఇచ్చిన కాగితంలో 'అదనపు వాడకానికి కారణం' అని ఒక గడి ఉంది. మొదట 'వైద్యం' అని రాశాను. అక్క చదవమంది. చదివాను.

“నాకేం వైజ్జెం జరుగుతందిరా ఇక్కడ? గంజి పోత్తన్నావ్, పక్క తిప్పుతన్నావ్. నేను మాటాడతన్నాను. అదే రాయి” అంది.

కొట్టేసి 'మాట్లాడటం' అని రాశాను.

మంగళవారం. ఎనభై శాతం.

పొగ ఇంకా చిక్కబడింది. ఎక్కడో అడవులు కాలుతున్నాయట, ఆ మసంతా మన మీదికి వస్తోంది. సూర్యుడు పొద్దున్నుంచీ వెలిసిపోయిన బొట్టులా ఉన్నాడు. చూస్తే కళ్ళు కూడా చెదరడం లేదు. కప్పు మీదికెక్కి సోలార్ పలకలు తుడిచి దిగేసరికి మళ్ళీ మసి పట్టింది.

సాయంత్రం జోగినాయుడు వచ్చాడు. పేటకంతటికీ కరెంటు పంచేది అతనే. చేతులు తుడుచుకుని పెట్టె ముందు కూర్చుని కంట్రోల్ ప్యానెల్ తెరిచాడు. అందులో పవర్ ఆప్షన్స్, అందులో ఇంకా లోపలికి వెళ్తే ప్రాసెసర్ అని ఒకటుంది. దాని కింద కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అంకెలు. గరిష్ఠం పక్కన నూరు ఉంది.

“దీన్ని ఎనబై సేద్దామండి. ఆఖరి ఇరవై శాతానికే ఇది కరెంటు ఎక్కువ తాగేత్తాది. తగ్గిత్తే మాట కాత్త ఆలీసం అవుతాది గానీ, శానా కలిసొత్తాది” అన్నాడు.

అంకె మార్చి, సేవ్ కొట్టి, నాచేత కూడా ఒకసారి చేయించాడు. తర్వాత మళ్ళీ మళ్ళీ నేనే చెయ్యాల్సి వస్తుందని అతనికి అప్పటికే తెలుసనుకుంటాను.

అక్క కాసేపటికి పలికింది.

“ఏరా జోగీ, నన్ను ఎనబైకి దించేవా? పంటు మీద నిన్నెప్పుడైనా ఎనబై శాతం దాటించి నీళ్ళలో దింపేసేనా?”

జోగినాయుడు నవ్వాడు గానీ లేచి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగాడు. “ఇంకా దించాల్సి రావచ్చండి. అప్పుడెలా ఉంటాదో నాకూ తెల్దు” అన్నాడు, అక్కకు వినబడకుండా.

శుక్రవారం. అరవై శాతం. ఫ్యాను ఆపాం.

వాటా మళ్ళీ కోశారు. ఫ్యాను తిరుగుతూ ఉంటే పెట్టెకు చాలదు. పెట్టె నడుస్తుంటే ఫ్యానుకు చాలదు. లైటు తీసేసినా సరిపోలేదు. నేను నిర్ణయించలేక అక్కనే అడిగాను.

“ఫ్యాను ఆపమంటావా, పెట్టె ఇంకా తగ్గించమంటావా?”

ఎనభైకి దించినప్పటి నుంచీ మాటకూ మాటకూ మధ్య ఎడం వస్తోంది. ఈసారి మరీ ఎక్కువ వచ్చింది. స్పీకరు గరగరమంది.

“ఫ్యాను. ఆపు. ఉక్క. ఓర్సుకుంటాను. నోరు. మూసుకుని. ఉండమంటే. నావల్ల. కాదు.”

ఫ్యాను వైరు తీసి, పెట్టెను అరవైకి దించాను. ఇంట్లో ఉన్నంతసేపూ తాటాకు విసనకర్రతో విసిరాను. కానీ నేను వలపంజరాల్లో చేపలకు మేత వెయ్యడానికి పొద్దున పోతే మధ్యాహ్నం దాటాక గానీ రాను. ఆ వేళంతా ఇంట్లో గాలి కదలదు. పొగ నెలల్లో సముద్రం మీద కూడా ఆకు ఊగేంత గాలి ఉండదు.

బుధవారం. నలభై ఐదు శాతం.

పోయినవారం చివర మళ్ళీ కోత పడింది. నలభై ఐదుకు దించేటప్పుడు అక్క వంక చూశాను. అరవైలో మొదటి రోజు ఒక్కో మాట పైపు చివర నీటిబొట్టులా పడేది, మర్నాటికి గరగర తప్ప ఏమీ రాలేదు. ఇక అసలు పలకదేమో అనుకున్నాను.

అలా జరగలేదు. పెట్టె గడగడా మాట్లాడటం మొదలుపెట్టింది.

“నేను బాగానే ఉన్నాను. నువ్వు భోజనం చేశావా?” అంది.

నాకు పట్టలేనంత సంతోషం కలిగింది. తక్కువ కరెంటుకు కూడా అలవాటు పడిందనుకున్నాను. తిన్నానన్నాను. గంజి పోస్తూ వేడిగా ఉందా అని అడిగాను. “ఫర్వాలేదు” అంది. దిండు సర్ది, ఇలా ఉంచనా అన్నాను. “ఫర్వాలేదు.” ఉక్కగా ఉందా అన్నాను. “ఫర్వాలేదు.”

పక్క తెప్ప మీదుండే మేరీరత్నం పూటకోసారి వచ్చి అక్కకు ఒళ్ళు తుడుస్తుంది. ఐసు పెట్టెలో చేపలు దాచి మెట్ట గట్టుకు పంపుతుంటుంది. మనిషి దగ్గర ఎప్పుడూ ఐసు చల్లదనం, చేపల వాసన. అక్కతో దెబ్బలాడని రోజు లేదు. అక్క ఆవిడకు గుడ్డ పిండటం రాదంటుంది. ఆవిడ అక్కది నోటి దూలంటుంది. ఇవాళ ఒళ్ళు తుడిచి వెళ్తూ ఉంటే పెట్టె “మీకు చాలా ధన్యవాదాలు” అంది.

మేరీరత్నం గుమ్మంలో ఆగిపోయింది. “ఏటండీ, మీ అక్క దన్యవాదాలంటంది? ఎంత మెత్తబడిపోయింది!”

నాకూ అలాగే అనిపించింది. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, ఆ మెత్తదనం నాకు బాగుంది. పుట్టిన దగ్గర్నుంచీ అక్క నన్ను తిడుతూనే ఉంది. పని నుంచి అలసిపోయి వస్తే ఒక మంచి మాట వినబడటం ఎలా ఉంటుందో నాకు అంతవరకూ తెలియదు.

శుక్రవారం. నలభై ఐదు శాతం.

మేరీరత్నం ఒళ్ళు తుడుస్తూ నన్ను పిలిచింది.

“ఇటు సూడండి. ఎడం సెయ్యి తుడిసినప్పుడు ఏం లేదు. కుడి సెయ్యి మీద గుడ్డెడితే నాడి గబగబా కొట్టుకుంటంది. నొప్పేమోనండి.”

అక్క ముఖం ఎప్పటిలాగే ఉంది. ఆ ముఖంలో ఏదీ కనబడదు. వంగి అడిగాను.

“అక్కా, కుడివైపు నొప్పిగా ఉందా?”

“ఫర్వాలేదు.”

“నిజంగా?”

“ఫర్వాలేదు. నువ్వు కంగారు పడకు.”

మేరీరత్నం నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశాను. అక్కే ఫర్వాలేదంటోంది కదా. గుడ్డ ఇంకొంచెం తేలిగ్గా వెయ్యమన్నాను. ఆవిడ అలాగే చేసింది.

ఆదివారం. ముప్పై శాతం.

ముప్పై అన్నారు. దించాను. దించాక పెట్టె మరీ హుషారుగా ఉంది. నేను పనికి బయల్దేరుతుంటే అంది:

“మీరు జాగ్రత్తగా వెళ్ళి రండి.”

చెప్పులో పెట్టిన కాలు అలాగే ఉండిపోయింది. అక్క నన్ను మీరు అంది. అక్క జీవితంలో ఎవర్నీ మీరు అని ఎరగదు. కమిటీ పెద్దల్ని కూడా ఒరేయ్ అని పిలిచి పంటెక్కించిన మనిషి.

వెనక్కి వచ్చి మంచం పక్కన కూర్చున్నాను. ఏం అడగాలో తోచలేదు. చివరికి ఒక అబద్ధం అడిగాను.

“అక్కా, మన చిన్న తమ్ముడు పుట్టిన రోజు గుర్తుందా?”

మాకు తమ్ముడు లేడు. మా అమ్మకు మేమిద్దరమే.

“అవును, గుర్తుంది. చాలా సంతోషమైన రోజు” అంది పెట్టె, అక్క గొంతుతో.

ఆ రోజు పనికి వెళ్ళలేదు. కంట్రోల్ ప్యానెల్ తెరిచి ఎవరికీ చెప్పకుండా గరిష్ఠాన్ని ఎనభైకి ఎక్కించాను. పెట్టె లోపల ఏదో గిర్రుమని లేచింది. స్పీకరులో “ఫ...” అని ఒక శబ్దం వచ్చింది. అంతే, మా వరుస ఇళ్ళన్నిటికీ లైను పడిపోయింది. తెప్పల మీద నుంచి కేకలు వినిపించాయి. ఎవరో మంచినీళ్ళ మిషను ఆగిపోయిందని అరిచారు. జోగినాయుడు పరిగెత్తుకుంటూ వచ్చి, నన్ను ఒక్క మాట కూడా అనకుండా అంకెను ముప్పైకి దించి లైను ఎత్తాడు.

అప్పుడు అడిగాను అతన్ని, పెట్టె ఎందుకిలా మాట్లాడుతోందని. తమ్ముడి సంగతి చెప్పాను. అతను పెట్టెలోని ఫైళ్ళు తెరిచి చాలాసేపు చదివాడు.

“యాబై కిందికెళ్తే ఇది పద్దతి మార్సేసుకుంటందండి. మొత్తం మాట పట్టుకునే ఓపిక దానికుండదు. మొదటి ముక్క పట్టుకుని, మిగతాది ఇలాంటోళ్ళు ఇలాంటప్పుడు ఏమంటారో ఊహించి తనే పూర్తి సేసేత్తంది. ముప్పైకొచ్చేక ఆ మొదటి ముక్క కూడా సరిగ్గా పట్టుకుంటందో లేదో.”

“ఆ ఊహించడం ఆపెయ్ నాయుడూ.”

“ఆపితే అసలు పలకదండి.”

“అయితే నాకు నూరు శాతం కరెంటు ఇయ్యి. ఒక్క పూట. అక్క ఏమంటోందో వినాలి.”

అతను తల దించుకున్నాడు. “ఇచ్చేదుంటే నేను ఆపుతానేటండీ? మంచినీళ్ళ మిషనుకే సాలట్లేదు. మీకిత్తే ఆ పూట ఎవరికి నీళ్ళాపమంటారో సెప్పండి. ఆపుతాను.”

ఎవరి పేరు చెప్పగలను? 

అతను వెళ్ళాక పెట్టె “ఈ రోజు వాతావరణం చాలా బాగుంది” అంది. తలుపు తీస్తే ఎదురింటి గోడ కూడా కనబడనంత పొగ.

మంగళవారం. ముప్పై శాతం.

రెండు రోజులుగా అక్కను ఏమీ అడగడం లేదు. అడిగితే పెట్టె జవాబు చెబుతుంది. అది వినలేను. స్పీకరు ఆపేద్దామని చెయ్యి పెట్టి మళ్ళీ తీసేశాను. అందులో ఒక ముక్కయినా అక్కది ఉంటుందేమో. ఏది ఆమెదో ఏది కాదో తెలియనప్పుడు దేన్ని పారెయ్యాలి?

మేరీరత్నం ఒళ్ళు తుడవడానికి వచ్చి, నేను గోడకానుకుని కూర్చుని ఉండటం చూసింది. జోగినాయుడు చెప్పాడట అంతా. గుడ్డ పిండి ఆరేసి నా ముందు నిలబడింది.

“నా ఐసు పెట్టె ఎంత కరెంటు తింటాదో తెలుసా మీకు? ఇప్పుడు మీ పెట్టె తినేదాని కన్నా ఎక్కువే. రేపు పొద్దున ఆపేత్తాను. ఆ వాటా మీకు కలపమని నాయుడికి సెప్పేను.”

“చేపలు పాడైపోతాయి.”

“కొన్ని పోతాయి. మిగతాయి ఉప్పేత్తాను. ఆవిడ నాకు దన్యవాదాలంటే ఒళ్ళు తుడవబుద్దేయట్లేదండీ. తిట్టించుకుంటే గానీ బాగోదు.”

బుధవారం. నూరు శాతం.

జోగినాయుడు పొద్దున్నే వచ్చి రెండు ఇళ్ళ వైర్లూ కలిపాడు. అంకె నేనే మార్చాను. నూరు కొట్టి సేవ్ నొక్కాక పెట్టె వేడెక్కి పాత పద్ధతిలోకి రావడానికి కొంత సమయం పట్టింది. ముగ్గురం మంచం చుట్టూ నిలబడ్డాం. 

“ఫ్యాను” అంది అక్క.

మొదటి మాట అదే.

“ఫ్యాను. ఫ్యాను. ఫ్యానెయ్యరా సచ్చినోడా, ఫ్యాను!”

నేను వైరు కోసం వంగాను. జోగినాయుడు నా భుజం పట్టుకుని ఆపాడు. రెండూ వేస్తే మళ్ళీ లైను పడిపోతుంది. మేరీరత్నం గోడకు తగిలించిన విసనకర్ర లాగి, అక్క కుడివైపు చేరి గట్టిగా విసరడం మొదలుపెట్టింది.

“ఆ... అక్కడే. ఆ సెయ్యి మీద. ఇంకా కొట్టు. మండిపోతంది మేరీ. ఈ పక్కంతా కారం నూరి రాసినట్టుంది. బుగ్గ, సెయ్యి, కాలు. గాలి తగిల్తేనే సల్లారతాది.”

“అక్కా, ఫ్యాను ఆపమన్నది నువ్వే కదా” అన్నాను. ఆ క్షణంలో నాకు వేరే మాట రాలేదు.

“అన్నాను. నేనే అన్నాను. ఈ మంట ఎలాగుంటాదో అప్పుడు తెల్దు. మర్నాడు నువ్వలా పనికెళ్ళేవో లేదో ఎత్తుకుంది. అప్పటికే ఈ ముదనట్టపు పెట్టె మాట రానిత్తే కదా. ఆ తరవాత నువ్వు ఇంకా దించేవు. అప్పట్నించీ ఫ్యానంటన్నాను. గంజెట్టేటప్పుడు ఫ్యానన్నాను. ఒళ్ళు తుడిసేటప్పుడు ఫ్యానన్నాను.”

“నువ్వు ఫర్వాలేదు అన్నావు.”

“నేననలేదురా! నేను ఫ్యానంటంటే అది పర్వాలేదంటంది. నా గొంతుతోనే. నా సెవులతో నేనే ఇంటన్నాను. మళ్ళీ ఫ్యానన్నాను. మళ్ళీ పర్వాలేదంది. నువ్వు ‘సరే అక్కా’ అనేసి ఎళ్ళిపోతన్నావు.”

మేరీరత్నం విసురుతూనే కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో ఏమిటో చూడలేదు.

“బుద్దెరిగేక నేనెవరికన్నా పర్వాలేదన్నానేంట్రా? నీకనుమానం రాలేదా?”

వచ్చి ఉండాల్సింది. రాలేదు. ఎందుకు రాలేదో నాకు తెలుసు, అక్కకూ తెలుసనుకుంటాను. మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. 

“ఏడవకు. ఏడిత్తే టైము దండగ” అంది. “జోగీ, మొత్తానికి మా ఇంటికి వాటా ఎంతొత్తాది? ఫ్యానుకి సాలుద్దా?”

“ఫ్యానొక్కదానికైతే సాలుద్దండి. పెట్టె ఐదు శాతంలో ఎట్టి ఉంచాల. మొత్తం ఆపేత్తే అది మిమ్మల్ని మర్సిపోతాది, మళ్ళీ మొదట్నించీ నేర్పాలి.”

“ఐదులో మాటాడతాదా?”

“ఊహూఁ. ఊహించను కూడా ఊహించదండి.”

“అదే కావాలి. ఫ్యానెయ్యండి, దాన్ని ఐదుకి తొక్కండి.”

నేను ఒప్పుకోలేదు. పగలు ఫ్యాను వేద్దాం, సాయంత్రం కాసేపు పెట్టె వేద్దాం అన్నాను. కొంచెం కొంచెంగా మాట్లాడుకోవచ్చన్నాను. నేను పని మానేసి ఇంట్లోనే కూర్చుని విసురుతానన్నాను.

“పని మానేత్తే ఏం తింటాం? సాయంత్రమైతే మాత్రం నూరొత్తాదేంట్రా? ముప్పై వత్తాది. ముప్పైలో మాటాడేది నేను కాదు. మూర్తులూ, ఇను. నా నోట్లో ఇంకోళ్ళ మాటలెట్టకు. మాట లేకపోతే లేకపోయింది, అది మాత్రం నావల్ల కాదు.”

“పొగ ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు అక్కా.”

“తెల్దు. అయితే?”

నేను జోగినాయుడి వంక చూశాను, ఇంకేదైనా దారి చెబుతాడేమోనని. అతను పెట్టె మీది దుమ్మును వేలితో తుడుస్తున్నాడు. ఆ అంకెలు ఎన్నిసార్లు మార్చినా వాటి వెనక కరెంటు అంతే.

ఆ తర్వాత అక్క ఆగకుండా పనులు చెప్పింది. జుట్టు మొత్తం గొరిగించెయ్యాలి, మెడ మీద చిరాకుగా ఉంది. గంజిలో ఉప్పు తగ్గించాలి. మంచం కిటికీ వైపు తిప్పాలి, పంటు గంట వినబడుతుంది. కుడివైపు దుప్పటి కప్పకూడదు, ఎంత చలైనా సరే. మేరీరత్నం గుడ్డ ఇంకా బాగా పిండాలి.

“పిండుతన్నాను కదే నీ నోరు పడ!” అంది మేరీరత్నం, విసురుతూనే.

“పిండట్లేదు. నీళ్ళన్నీ సెవిలోకెళ్తన్నాయి.”

జోగినాయుడు నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను.

కాస్త ఆగి అక్క నాతో అంది: “నేను మాటాడకపోతే నువ్వూ మాటాడవు. నాకు తెలుసు. పనికెళ్తావ్, వత్తావ్, గంజెడతావ్, గోడ సూత్తావ్. అలా సెయ్యకు. నాకు సెవులున్నాయి. బయటేమైందో వచ్చి సెప్పు.”

“నాకు కథలు చెప్పడం రాదు.”

“రాదు. నాకు తెలుసు. అయినా సెప్పు.”

నేను సరేనన్నాను. ఇంకా ఏదేదో అడగాలనుకున్నాను. చిన్నప్పటివి, అమ్మవి, ఇప్పుడు అడగకపోతే మళ్ళీ ఎప్పుడో తెలియనివి. ఒక్కటీ నోటికి రాలేదు. కరెంటు ఇంకా ఉంది. జోగినాయుడు తొందరేం లేదన్నాడు.

అక్కే అంది: “ఇంక ఆపెయ్యరా. మేరీ సేపలు కుళ్ళిపోతాయి.”

అంకె నేనే మార్చాను. ఐదు కొట్టి సేవ్ నొక్కాను. పెట్టె లోపలి చప్పుడు సన్నబడి ఆగిపోయింది. ఫ్యాను వైరు పెట్టాను. రెక్కలు కదిలాయి. అక్క కుడి చెయ్యి మీద వెంట్రుకలు గాలికి ఊగడం చూశాను. మేరీరత్నం అక్క మణికట్టు పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి “నెమ్మదించిందండి” అంది.

శనివారం. ఐదు శాతం.

ఇప్పుడు మాది వాటాకు మించిన వాడకం కాదు, రాయనక్కర్లేదని జోగినాయుడు చెప్పాడు. అయినా రాస్తున్నాను.

పొగ తగ్గలేదు. అక్కకు జుట్టు గొరిగించాను. మంచం కిటికీ వైపు తిప్పాను. ఫ్యాను పగలూ రాత్రీ తిరుగుతోంది. మేరీరత్నం చేపలు సగం పోయాయి. మిగతావి ఉప్పు వేసి కప్పు మీద ఆరబెట్టింది గానీ ఎండే లేదు. ఆ మాట ఎత్తితే నా మీద కోప్పడింది.

మొదటి రోజు అక్కతో ఏమీ మాట్లాడలేకపోయాను.  రెండో రోజు సోలార్ పలకలు తుడిచానని చెప్పాను. తడిగుడ్డతోనే తుడిచానన్నాను. తర్వాత చెప్పడానికి ఏమీ దొరకలేదు. జవాబు రాని గదిలో మన గొంతు మనకే కొత్తగా వినిపిస్తుంది.

ఇవాళ మాత్రం చెప్పుకోదగ్గది ఒకటి జరిగింది. మంచం పక్కన స్టూలు వేసుకుని మొదలుపెట్టాను. పంటు నడపడానికి కొత్తగా ఒకతన్ని పెట్టారని, పొగలో దారి కనబడక వాడు పంటును తాటితలల మీదికి ఎక్కించేశాడని, అది పక్కకు ఒరిగి ఐదారు బియ్యం బస్తాలు నీళ్ళలో పడ్డాయని, మేకలు ఈదుకుంటూ వచ్చి కమిటీ ఆఫీసు తెప్ప ఎక్కాయని చెప్పాను. ఒకదాని తర్వాత ఒకటి చెప్పడం నాకు చేతకాదు. మేకల సంగతి ముందు చెప్పేసి మళ్ళీ వెనక్కి వచ్చాను.

అప్పుడు అక్క తలపట్టీ మీద, చెవి పైన, చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. అది ఎప్పుడూ ఉండేదే అయినా, మాటలు వచ్చే రోజుల్లో దాని వంక ఎవరు చూస్తారు? పెట్టె పట్టుకోలేకపోయినా, మనిషి ఏదో అనాలనుకుంటే పట్టీకి తెలుస్తుందట. అప్పుడది వెలుగుతుంది. ఇది నేను జోగినాయుణ్ణి తర్వాత అడిగి తెలుసుకున్నాను.

దీపం గబగబా ఆరి వెలుగుతోంది. ఆగడం లేదు.

మేరీరత్నం గుడ్డ పిండుతూ తలెత్తింది. “ఏమంటందండీ?”

“తెలీదు” అన్నాను.

ఆ పంటు నడిపినవాణ్ణి తిడుతోందేమో. నన్ను తిడుతోందేమో, కథ సరిగ్గా చెప్పనందుకు. నవ్వుతోందేమో. మళ్ళీ మంట మొదలైందేమో. ఫ్యాను ఇంకొంచెం దగ్గరికి జరిపాను. కుడి చెయ్యి నాడి చూశాను, నెమ్మదిగానే ఉంది. అంతకు మించి నేను చెయ్యగలిగింది ఏమీ లేదు.

దీపం ఆరేవరకూ ఆగి, తర్వాత ఏం జరిగిందో చెప్పాను.